ప్రయోగశాలకు వెలుతురు

విజ్ఞానశాస్త్ర భవన మనగానే పలువురకు స్ఫురించునవి అద్దాల ముఖము, ఎత్తైన మెట్లు, గుమ్మముపై పెద్ద యక్షరములు. నాకు స్ఫురించునది కిటికీ. అందులకు కారణము కలదు. నేను చదివిన పాఠశాలలో ప్రయోగశాల పడమటి కొసగదిలో నుండెడిది. మా తరగతి మధ్యాహ్నము మూడు గంటలకు. రాగిలవణమును జ్వాలలో నుంచిన ఆకుపచ్చని కాంతి కన్పట్టునని పుస్తకమున నున్నది. బల్లలపై ఎండ పడుచుండగా దీపము వెలుగుచున్నదో ఆరినదో కూడ తెలిసెడిది కాదు. అందఱును ఆకుపచ్చ యని వ్రాసిరి, చూచినవాడొక్కడును లేడు.

పడమర వలదు, ఉత్తరపు వెలుతురు మేలని గ్రంథములు చెప్పును. అవి చలిదేశములలో పుట్టిన మాటలు. అచ్చట మధ్యాహ్నసూర్యుడు ఏడాది పొడవునను దక్షిణముననే యుండును. ములకలపల్లి 17, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశముల నడుమ నున్నది. జూలై నెలలో బడి ఆవరణమున ఒక కఱ్ఱ పాతి చూడుడు: మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణముగా పడును. మే రెండవ వారము మొదలు ఆగస్టు తొలి దినముల వరకు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరముగా నడచును. జూను 21న ఇంచుమించు 6 డిగ్రీలు. దానికి చిన్న చూరు చాలును. చిక్కు ఉదయ సాయంకాలములది. మార్చి 21 మొదలు సెప్టెంబరు 23 వరకు సూర్యుడు తూర్పునకు ఉత్తరముగా ఉదయించి, పడమరకు ఉత్తరముగా అస్తమించును. ఆ యేటవాలు కిరణములను చూరు ఆపజాలదు. కిటికీకి ఇరుప్రక్కల నిలువు రెక్కలు కావలెను. దక్షిణపు గోడ లెక్క వేఱు. డిసెంబరు మధ్యాహ్నమున సూర్యుడు 49 డిగ్రీల యెత్తుననే యుండును. 4 అడుగుల కిటికీకి నీడ కావలెనన్న మూడున్నర అడుగుల చూరుండవలెను. మన పెద్దల యిండ్లకు వసారా యెందులకో ఈ లెక్కయే చెప్పుచున్నది.

గొప్పవారును ఎండను మఱచిరి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున లూయీ కాన్ 1960 ప్రాంతమున నిర్మించిన రిచర్డ్స్ వైద్య పరిశోధనశాల లోకప్రసిద్ధము. లోపల పనిచేయు శాస్త్రజ్ఞులు మాత్రము వెలుగునకు తాళలేక అద్దములకు రేకుకాగితము లంటించుకొనిరి! అయినను, చెడుగాలిని పైకి కొనిపోవుటకు ఆయన కట్టిన ఇటుక గోపురములు మనకును పాఠమే. హైడ్రోజన్ సల్ఫైడు గాలికంటె బరువైనది; కప్పు దగ్గఱ రంధ్రములు విడిచినంత మాత్రమున పోదు. అట్టి వాయువులను పుట్టించు బల్లపై గూడు కట్టి, పంకాతో లాగి, గొట్టము గుండ కప్పు మీదికి పంపవలెను. గ్యాసు సిలిండరు వెలుపల. ద్వారములు రెండు, బయటికి తెఱచుకొనునవి.

ఇక గోడలు. పొరుగున పాల్వంచ విద్యుత్కేంద్రపు బూడిద కలదు. బూడిదతో మంచి యిటుకలగును. ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ బోలు విడిచి కట్టినచో వేడిమి లోనికి తక్కువ వచ్చును, ఇటుకలలో నాలుగవ వంతు మిగులును. కేరళమున లారీ బేకర్ ఈ కట్టుబడినే విరివిగా వాడెను.

వానకాలమున అడవిగాలికి చెట్లు విఱిగి కరెంటు పోయిన దినమున అద్దాల ముఖము, చల్లని యంత్రము ఏమి చేయును? కోయగూడెము నుండి నడచివచ్చిన బాలిక ఆనాడును ఆకుపచ్చ జ్వాలను తన కన్నులతో చూడవలెను. పటము తెచ్చినవారిని మొదట అడుగవలసినది ఇదియే. గుమ్మముపై అక్షరముల మాట తరువాత.