వేములపల్లి కాలువగట్టు

నల్లగొండనుండి మిర్యాలగూడకు పోవు బాటలో, మిర్యాలగూడ ఇంక కొద్ది దూరమున్నదనగా వేములపల్లి తగులును. నాగార్జునసాగరు ఎడమకాలువ ఈ ప్రాంతముననే పారుచున్నది. మేము బండి దిగి కాలువగట్టుపై నిలిచితిమి. కనుచూపుమేర వరిచేలు. ఈ పచ్చదనము అనాదిగా ఉన్నదని క్రొత్తవారు భావింతురు. కాని సోదరీమణులారా, దీని వయస్సు మన అమ్మమ్మల వయస్సుకంటె తక్కువ! 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967లో ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిరి. అంతకుముందు ఈ సీమ పంటలు జొన్న, సజ్జ, ఆముదము. చెరువు నిండిన యేట కొంచెము వరి.

"నీళ్లు రాకముందు పండుగకో పెండ్లికో తప్ప వరిబువ్వ యాడిది బిడ్డా? వానలు ఎగబెడితే మూటగట్టుకొని పోవుడే" అని గడ్డిమోపు దింపుకొనిన ముసలమ్మ ఒకతె మాతో పలికినది.

ఆ మూట కట్టుటకు వాన ఒక్కటే కారణము కాదు. నిజాము పాలనలో దున్నువాని పేర భూమి లేదు. వెట్టి పిలుపు వచ్చినచో చంటిబిడ్డను ఇంట విడిచియైనను దొరగారి గడికి పోవలసినదే. 1946 మొదలు 1951 వరకు ఈ నల్లగొండ గ్రామములు రగిలినది అందులకే.

సాలెవారి గతి వేరు. మిల్లుబట్ట చవుకగా వచ్చినకొలది మగ్గము మూలబడినది. షోలాపూరున 1870ల దశకముననే బట్టలమిల్లు వెలసినది. మన తెలంగాణ పద్మశాలీలు అచ్చటికిని, బొంబాయి, భివండి పట్టణములకును తరలిరి. మగ్గమును పడగొట్టిన యంత్రముకడనే కూలికి నిలువవలసివచ్చుట ఎంత చిత్రము! మగవారు మిల్లుకు పోగా షోలాపూరులోని మన తెలుగు ఆడువారు ఇంట కూర్చుండి బీడీలు చుట్టిరి. బియ్యము, అద్దె, పిల్లల చదువు ఆ చేటలోనుండియే వెడలినవి. వలసల చరిత్ర వ్రాయువారు మిల్లును తలంతురుగాని ఈ చేటను అంతగా తలపరు.

ఇట్టి కథయే సముద్రముల కావల స్కాట్లండు దేశమునను జరిగినది. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో అచ్చటి కొండసీమల జమీందారులు, కౌలుదార్లకంటె గొఱ్ఱెలే లాభమని యెంచి, తరతరములుగా కాపురమున్నవారిని వెడలగొట్టిరి. 1814లో స్ట్రాత్‌నేవరు లోయలో ఇండ్లకు నిప్పుపెట్టిరి. 1846లో ఉర్లగడ్డ పైరునకు తెగులు సోకి కరవు వచ్చినది. జనులు ఓడలెక్కి కెనడాకు, ఆస్ట్రేలియాకు పోయిరి. ఇంతవరకు మనకు సులభముగనే బోధపడును. కాని గ్లాస్గో నగరమున మిల్లులు, ఓడల కార్ఖానాలు దివ్యముగా నడచుచున్న కాలముననే చేతిపని నేర్చినవారు సైతము దేశము విడిచిరే! పని లేక కాదు. ఆవలి దేశమున అదే పనికి హెచ్చు కూలి దొరకుటచేతను, ఆవిరి ఓడలు ప్రయాణమును కొద్దిదినములకు కుదించుటచేతను పోయిరి. పొలములలోని జీతగాండ్రకు ఇల్లు సైతము యజమాని ఇచ్చినదే. పని పోయిన నాడు గూడును పోవును. అట్టివానికి ఊరిమీద మమకారము లేదని నిందించుట న్యాయము కాదు.

వేములపల్లికి నీరు వచ్చినపిదప వలస దారి మరలినది. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఈ ఆయకట్టున పొలములు కొని కాపురములు పెట్టిరి. మునుపు నిజాంసాగరు క్రిందికి పోయినట్లే. అయితే ఈ నీరు ఊరక రాలేదు. జలాశయము నిండుటకై కృష్ణాలోయలోని గ్రామములు మునిగినవి. నాగార్జునకొండ శిల్పములను కొండమీదికి చేర్చి మ్యూజియములో భద్రపరచిరి. మునిగిన యిండ్లవారు పొయ్యిరాళ్లతోసహా తరలిపోయిరి. వారి యూళ్ల పేర్లు మన ఆయకట్టువారిలో ఎందరికి తెలియును?

నేడు ఇచ్చటి పడుచువాండ్రు హైదరాబాదుకును, చదువుకొనినవారు అమెరికాకును పోవుచున్నారు. పొలము ఎండినందున కాదు, గ్లాస్గోవారివలెనే. కారము, పచ్చళ్లు సీసాలకెత్తి కట్టు తల్లులకు మాత్రము రెండు వలసలకును భేదము తోచదు.

కాలువక్రింద పండిన ధాన్యము మిర్యాలగూడ బియ్యపుమిల్లులకు చేరును. అచ్చట బస్తాలు మోయు హమాలీలలో బీహారువారు అనేకులు. 2020 మే 1వ తేదీన, మహమ్మారి దినములలో, లింగంపల్లి స్టేషనునుండి వలసకూలీలను ఝార్ఖండులోని స్వస్థలములకు గొనిపోవు మొదటి ప్రత్యేకరైలు కదలినది. వారము తిరుగగనే అదే స్టేషనుకు బీహారులోని ఖగారియానుండి రెండువందలకు పైబడిన హమాలీలు దిగిరి. దేశమంతయు ఇల్లు చేరుటకు తహతహలాడు వేళ, తెలంగాణ మిల్లులలో ధాన్యము నిలిచిపోయినదని వారిని రప్పించిరి. స్టేషనులో గులాబీపూలిచ్చి ఎదుర్కొని, బస్సులెక్కించి మిల్లులకు పంపిరి.