గసాలు లేని మసాలా

2017 ఆగస్టు చివరివారం. హార్వే తుపాను హ్యూస్టన్‌ని ముంచెత్తింది. నీళ్ళు తీసేదాకా ఆసుపత్రి నుంచి కదలకుండా పనిచేసే బృందంలో నర్సుగా నేనూ ఉన్నాను. అక్కడే డ్యూటీ, అక్కడే నిద్ర. మూడో రోజు ఒక భారీ మనిషిని మంచం మీద పైకి జరుపుతుంటే నడుము కలుక్కుమంది. డాక్టరు హైడ్రోకోడోన్ రాసిచ్చారు. నొప్పి తగ్గింది. దాంతోపాటు అలసటా, ఇంటి అప్పు దిగులూ కూడా కాసేపు పక్కకు జరిగాయి. మాత్రలు అయిపోయేసరికి నొప్పి పోయింది గానీ, ఒళ్ళు మాత్ర కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది.

మా వార్డులో అలాంటి మందులు తాళం వేసిన యంత్రంలో ఉంటాయి. వేలిముద్ర పెడితేనే సొరుగు తెరుచుకుంటుంది. ఒక మిల్లీగ్రాము హైడ్రోమార్ఫోన్ సిరంజి తీసి రోగికి అర మిల్లీగ్రామే ఇవ్వాల్సి వస్తే, మిగతా సగం ఇంకో నర్సు చూస్తుండగా పారబోయాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. దీన్ని ‘వేస్ట్ చేయడం’ అంటాం. రాత్రి డ్యూటీ హడావుడిలో ఎవరికీ తీరిక ఉండదు. “చూశావుగా?” అంటే “చూశాన్లే” అని వేలు పెట్టేసి పోతారు.

ఆ ‘చూశాన్లే’ మీద మూడు నెలలు బతికాను. మొదట పారబోయాల్సిన సగం. తర్వాత ఒక రాత్రి, ఇవ్వాల్సిన సగం కూడా. తుంటి ఎముక విరిగిన పెద్దాయనకు సెలైన్ ఎక్కించి, మందు ఇచ్చానని చార్టులో రాశాను. ఇరవై నిమిషాలకు ఆయన గదిలో బెల్ మోగింది. మళ్ళీ మోగింది.

యంత్రం ప్రతి సిరంజికీ లెక్క రాసుకుంటుంది. తోటివాళ్ళ లెక్కల పక్కన నా లెక్క పెట్టి చూపించినప్పుడు నేనేమీ బుకాయించలేదు. ఉద్యోగం పోయింది. కొన్ని నెలలకు నర్సింగ్ బోర్డు ఉత్తర్వు వచ్చింది: లైసెన్సు సస్పెన్షన్. చికిత్స పూర్తిచేసి, వరసగా పన్నెండు నెలలు మత్తుమందు లేకుండా ఉన్నట్టు రుజువు చేస్తేనే పునరుద్ధరణ మాట.

ఇండియన్ కిరాణా కొట్లో బిల్లింగ్ పనికి చేరాను. “ఏంటక్కా, హాస్పిటల్ మానేశారా?” అని తెలిసినవాళ్ళు అడిగితే నెపం నడుము మీద పెట్టేదాన్ని. రోజూ పొద్దున్నే ఒక నంబరుకు ఫోన్ చేయాలి. పరీక్షకు పిలుపు ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఉంటే ఆరోజే ల్యాబ్‌కి వెళ్ళాలి. ఒకావిడ ఎదురుగా నిలబడి చూస్తుండగా మూత్రం ఇవ్వాలి. ఇన్నేళ్ళూ రోగుల చేతికి ఆ సీసా ఇచ్చింది నేను. పరీక్షల ఖర్చంతా నాదే. దగ్గుమందూ, నోరు పుక్కిలించే మందూ ఆల్కహాల్ లేనివే వాడాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ కూడా వద్దన్నారు.

ఆ నిషేధాల జాబితాలో గసగసాలు కనబడ్డాయి. నర్సునే అయినా అప్పటిదాకా ఆలోచించలేదు. అవి నల్లమందు మొక్క గింజలే. తింటే మూత్రంలో మార్ఫిన్ జాడ తేలుతుంది. ఈ చిక్కు వల్లే 1998లో అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల పరీక్షల్లో హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచారు. బోర్డు పరీక్షల్లో ఉన్న మాకు మాత్రం ఆ సడలింపు లేదు. “మసాలాలో తిన్నాను” అన్న సంజాయిషీ చెల్లదని ముందే సంతకం పెట్టించుకున్నారు.

ఆ వారంలోనే తెనాలి నుంచి అమ్మ పంపిన పార్సిల్ వచ్చింది. రాత్రి ఫోన్ చేసింది.

“ఏమే, కోడికూర మసాలా అందిందా?”

“అందింది. పారేశానమ్మా.”

“అదేంటే! నిన్నగాక మొన్న వేయించి కొట్టింది!”

ఇంకో అబద్ధం వెతుక్కునే ఓపిక లేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను, పెద్దాయన బెల్‌తో సహా. అవతల ఫ్యాను చప్పుడు మాత్రమే వినబడుతోంది. చాలాసేపటికి, “తగ్గిందా?” అంది.

“పరీక్షిస్తూనే ఉన్నారమ్మా.”

“సరే. ఈసారి గసాలు మానేసి ఎండుకొబ్బరి ఎక్కువేస్తాలే.”

పన్నెండు నెలలు నిండాక బోర్డుకు వివరణ రాయాలి. మొదటిసారి రాసిన మూడు పేజీల్లో తుపాను, నడుము, నర్సుల కొరత అన్నీ ఉన్నాయి. నా కౌన్సెలర్ చదివి, “నువ్వు చేసింది ఏదీ?” అని తిరిగిచ్చేసింది. అమ్మకు చెప్పినట్టే మళ్ళీ రాశాను. ఒక్క పేజీ అయింది.

ఆస్టిన్‌లో బోర్డు మనుషులు ముగ్గురి ఎదుట కూర్చున్నాను. పరీక్ష ఫలితాలు, మానసిక వైద్యుడి నివేదిక, కొట్టు యజమాని ఉత్తరం తిరగేశారు. ఒకావిడ అడిగింది: “డ్యూటీలో ఉండగా మళ్ళీ నడుము పట్టేస్తే?” “సూపర్‌వైజర్‌కి చెప్పి ఇంటికి వెళ్తాను” అన్నాను. ఇంతకంటే పెద్ద జవాబేదీ నా దగ్గర లేదు.

లైసెన్సు షరతులతో వచ్చింది. మొదటి ఏడాది రాత్రి డ్యూటీలు వద్దు, నొప్పి మందుల తాళం ముట్టుకోవద్దు, మూడు నెలలకోసారి పైవాళ్ళ నివేదిక వెళ్ళాలి. ఆ కాగితం చూసి ఎన్ని చోట్ల వద్దన్నారో లెక్కపెట్టలేదు. చివరికి ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రం తీసుకుంది. అక్కడ ఎవరైనా నొప్పితో బెల్ నొక్కితే పరుగెత్తేదాన్ని, వేరే నర్సు వచ్చి మందు ఇచ్చేదాకా పక్కనే నిలబడేదాన్ని.

ఇప్పుడు షరతులు తీరిపోయాయి. నా పేరు వెతికితే పాత ఉత్తర్వు మాత్రం ఇంకా కనబడుతుంది. కనబడాల్సిందే.

నర్సు చెల్లెళ్ళకు ఒక్క మాట. పక్కనున్న మనిషి సిరంజి పట్టుకుని “చూశావుగా?” అంటే, నిజంగా చూడండి. చూశాకే వేలు పెట్టండి.