ఎల్లుండి రండి

అప్పటి ప్రకాశం జిల్లా పడమటి భాగంలో, నల్లమల కొండలకు చేరువగా ఉన్న కంభం పట్టణంలో, బజారుకు పోయే దారిన ఒక బట్టల కొట్టుకూ ఒక మందుల షాపుకూ నడుమ ఇరుకైన గది ఒకటి ఉండేది. గుమ్మం ముందు అద్దాల బల్ల, బల్ల వెనుక చెక్క స్టూలు, గోడకు నాలుగు గడియారాలు. ఆ నాలుగూ ఎప్పుడు చూసినా ఒకే సమయం చూపించేవి. నలభై ఏళ్ళపాటు ఆ స్టూలు మీద కూర్చున్న మనిషిని ఊళ్ళో పేరుపెట్టి పిలిచినవారు తక్కువ. పెద్దలకు ఆయన ‘మిలటరీ ఆయన’. పిల్లలకు ‘వాచీల తాత’.

ఆయన పనితనానికి ఎంత పేరుండేదో, ఆయన నిదానానికీ అంత పేరుండేది. వాచీ అప్పగించి “ఎప్పుడు రమ్మంటారు?” అని ఎవరడిగినా జవాబు ఒక్కటే: “ఎల్లుండి రండి.” పరీక్షకు పోయే విద్యార్థి అయినా, రేపు ముహూర్తం పెట్టుకున్న పెళ్ళికొడుకు అయినా, సాక్షాత్తూ తహసీల్దారే అయినా అందులో మార్పు లేదు. ఎవరైనా మరీ తొందరపెడితే వాచీని తిరిగి చేతిలో పెట్టి, “తొందరగా చేసేవాళ్ళు బస్టాండు దగ్గర ఉన్నారు నాయనా, అక్కడికి పో” అనేవాడు. ఆ మాటలో కోపం గాని ఎత్తిపొడుపు గాని ఉండేది కాదు. కాలాన్ని బాగుచేసే మనిషికే కాలమంటే లెక్కలేదని ఊరు నవ్వుకునేది. ఆ నిదానం ఆయనకు ఎక్కడ అబ్బిందో తెలుసుకున్నవారు మాత్రం బహు కొద్దిమంది.

ఆయన 1944లో ఆ ఊరి సమీపాననే ఒక చిన్న రైతు కుటుంబంలో పుట్టాడు. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల నడుమ గుండ్లకమ్మ నదికి అడ్డుకట్ట వేసి నిర్మించిన కంభం చెరువు సుప్రసిద్ధమైనది. అది నిండిన ఏడు ఆ ఇంట అన్నం, నిండని ఏడు అప్పు. ఇంటికి ముగ్గురు కొడుకులు, పొలం రెండెకరాలు. 1962లో చైనాతో జరిగిన యుద్ధం తరవాత భారత సైన్యాన్ని పెద్దయెత్తున విస్తరించారు. ఆ ప్రాంతపు పల్లెలనుంచి పటాలానికి పోవడం అప్పటికే కొత్త సంగతి కాదు. 1963లో, పంతొమ్మిదో ఏట, ఆయన కూడా బెంగుళూరు రైలెక్కి మద్రాసు ఇంజనీర్ గ్రూపులో చేరాడు. అల్సూరు చెరువు పక్కనున్న ఆ శిక్షణ కేంద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు, దేవుడు తనను ఒక చెరువు గట్టునుంచి మరో చెరువు గట్టుకు మార్చాడనుకున్నానని తరవాత చెప్పి నవ్వేవాడు.

ఆ దళం చరిత్ర 1780 నాటినుంచి మొదలవుతుంది. ఆ సైనికులను సైన్యమంతా ‘తంబీలు’ అని పిలుస్తుంది. వంతెన కట్టడం, దారి వేయడం, శత్రువు పాతిన మందుపాతరలను ఏరివేయడం వారి వృత్తి. తుపాకి పట్టినవాడి వీరత్వం కథల కెక్కుతుంది. అతడు నడిచి వెళ్ళిన దారిని అంతకు ముందే మోకాళ్ళ మీద పాకుతూ శుభ్రం చేసినవాడి ఊసు ఎవరికీ పట్టదు. ఆయన ఆ రెండో కోవకు చెందినవాడు. సర్వీసులో ఉండగానే 1970లో కొత్త జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. కర్నూలు జిల్లానుంచి వెళ్ళినవాడు సెలవుకు వచ్చేసరికి, ఇల్లు అంగుళమైనా కదలకుండానే జిల్లా మారిపోయింది.

1971 డిసెంబరులో ఆయన దళం పశ్చిమ సరిహద్దున, షకర్‌గఢ్ ప్రాంతంలో ఉంది. అక్కడ బసంతర్ నది దాటితే మందుపాతరల పొలం. టాంకులు ముందుకు పోవాలంటే ఆ పొలంలో దారి తెరవాలి. డిసెంబరు 15 రాత్రి ఇంజనీరు దళాలు ఆ పనిలో దిగాయి. దారి పూర్తిగా తెరుచుకోకముందే, ముందున్న పదాతి దళాన్ని కాపాడడానికి పూనా హార్స్ టాంకులు ఆ పాతరల నడుమనుంచే సాగిపోయాయి. 16వ తేదీన అక్కడ జరిగిన పోరులోనే, ఇరవై ఒక్క ఏళ్ళ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ ప్రాణాలర్పించి పరమవీర చక్రకు పాత్రుడయ్యాడు. అదే రోజున ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మర్నాటి రాత్రికి పశ్చిమాన కూడా తుపాకులు ఆగిపోయాయి.

దేశానికి యుద్ధం ముగిసింది. ఆయనకు మాత్రం అసలు పని అప్పుడు మొదలైంది. సంధి కుదిరినంత మాత్రాన పాతర నిద్రపోదు. అది ఎవరు పాతినా, ఎవరి కాలు తగిలినా పేలుతుంది. గోధుమ పండే నేలను మళ్ళీ రైతుకు అప్పగించాలంటే అడుగడుగూ వెతకాలి. నేలకు కడుపు ఆనించి పడుకుని, సన్నటి ఇనుప చువ్వను ఏటవాలుగా మట్టిలోకి దింపాలి. నిలువుగా దింపితే పాతర నెత్తిన తగులుతుంది. ఏటవాలుగా దింపితే పక్కన తాకుతుంది. తాకినప్పుడు వేళ్ళకు ఒక చిన్న అదురు తెలుస్తుంది. అది రాయో, వేరో, మృత్యువో ఆ అదురును బట్టే గ్రహించాలి. తరవాత వేళ్ళతో మట్టి తొలగించాలి. వెతికిన మేర తెల్ల పట్టీ పరచాలి. పట్టీ దాటి ఒక్క అడుగు వేయరాదు.

1972 తొలి మాసాలలో ఒకనాటి సాయంకాలం, పొద్దు వాలుతుండగా, ఆయన పక్కన పనిచేస్తున్న తమిళ మిత్రుడు సామాను సర్దుకుని లేచాడు. చుట్టూ తిరిగి పోతే పది నిమిషాలు. అడ్డంగా పోతే నాలుగు అడుగులు. ఆ నాలుగింటిలో మూడు అడుగులు నిరపాయంగా పడ్డాయి.

మిత్రుడు బతికాడు. ఎడమకాలు మోకాలి కింద పోయింది. స్ట్రెచరు మీద మోసుకుపోతున్నప్పుడు అతని చేతి గడియారం ఊడి పడింది. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు. అది ఆగిపోయి ఉంది.

ఆ వేసవిలో బెంగుళూరు వెళ్ళినప్పుడు, శివాజీనగర్ సందులో ఒక ముసలి సాయిబు దగ్గరికి ఆ గడియారాన్ని తీసుకుపోయాడు. సాయిబు కంటికి భూతద్దం తగిలించుకుని చూసి, “ఎల్లుండి రా” అన్నాడు. మర్నాటి సాయంకాలమే మళ్ళీ వెళ్ళి చూస్తే వాచీ చక్కగా నడుస్తూ ఉంది. ఇమ్మని అడిగితే సాయిబు తల ఊపాడు. “ఇవ్వాళ విప్పి కడిగాను బేటా. ఇక ఒక రాత్రీ ఒక పగలూ దాన్ని నడవనిచ్చి చూడాలి. బాగుచేయగానే అన్ని వాచీలూ నడుస్తాయి. అది నిజంగా బాగుపడ్డదో లేదో ఎల్లుండి గాని చెప్పదు.”

ఆ మాట ఆయన గుండెలో నాటుకుంది. నాలుగు అడుగుల తొందరలో ఒక కాలు పోవడం కళ్ళారా చూసినవానికి ఆ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు. మూడోనాడు వాచీ తీసుకుని, పుణె నగరంలోని సైనిక కృత్రిమ అవయవ కేంద్రంలో కొత్త కాలు కోసం ఎదురుచూస్తున్న మిత్రుడికి పంపించాడు. ఆ తరవాత బెంగుళూరులో ఉన్నంతకాలం, సెలవు దొరికిన ప్రతి సాయంకాలమూ సాయిబు బల్ల పక్కనే గడిపాడు. అక్కడ కావలసినవి కొత్తగా నేర్చుకోనక్కరలేదు. బిగబట్టిన ఊపిరి, అదరని వేలు, కంటికి కనిపించనిదాన్ని స్పర్శతో గ్రహించడం ఆయనకు అప్పటికే వచ్చు. పట్టకారుతో వెంట్రుకకన్న సన్నని స్ప్రింగును ఎత్తినప్పుడు, “ఈ చేయి ఇంతకు ముందు ఎక్కడ పనిచేసింది?” అని సాయిబే ఆశ్చర్యపోయాడట.

పదహారేళ్ళ సర్వీసు ముగించి 1979లో ఇంటికి వచ్చి దుకాణం తెరిచాడు. అవి చేతి గడియారం ఒక ఆస్తిగా ఉన్న రోజులు. 1961లో బెంగుళూరులో మొదలైన హెచ్.ఎం.టి. కర్మాగారం దేశానికంతటికీ సమయం చెబుతుండేది. అల్లుడికి వాచీ, కొడుకు పాసైతే వాచీ, పదవీ విరమణ చేసిన మాస్టారికి వాచీ. వాటి బ్యాలన్సు చక్రాలు చాలామటుకు గంటకు 18,000 సార్లు కొట్టుకునేవి. ఒక్కొక్కదాన్ని విప్పి, భాగాలను పెట్రోలులో కడిగి, దుమ్ము పడకుండా గాజు గిన్నె బోర్లించి, సూదిమొన మీద నిలిచేంత నూనె వేసి, మళ్ళీ కూర్చి, ఒక రాత్రీ ఒక పగలూ గోడ గడియారాలతో సరిచూసి ఇచ్చేవాడు. ఇచ్చినదాన్ని మళ్ళీ తేవలసిన పని చాలాకాలం పడేది కాదు.

యుద్ధం గురించి ఆయన నోరు విప్పేవాడు కాదు. ఒక ఆగస్టు 15న పాఠశాలవారు పట్టుబట్టి వేదిక ఎక్కిస్తే, పతకాలు పెట్టుకుని నిలబడి రెండు మాటలు చెప్పాడు. “నేను ఎవరినీ చంపలేదు పిల్లలూ. నడిచేవాళ్ళకు దారి చేశాను, అంతే.” పిల్లలు కొంత నిరాశపడ్డారు. ఉపాధ్యాయులు చప్పట్లు కొట్టారు.

కాలం మారింది. 1980లలో బ్యాటరీ వాచీలు వచ్చాయి. 1984లో ఏర్పడిన టైటాన్ సంస్థ వాటిని ఇంటింటికీ చేర్చింది. తరవాత మొబైల్ ఫోను రాగా, సమయం కోసం చేతి వంక చూసే అలవాటే సన్నగిల్లింది. హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయడానికి 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ వార్త చదివి, ఆయన పత్రికను మడిచి బల్ల సొరుగులో పెట్టాడు. అప్పటికి పాత వాచీలు బాగుచేయడానికి ఇచ్చి, తీసుకుపోవడం మరిచినవారు పెరిగారు. అటువంటి వాచీలన్నిటినీ చీటీలు కట్టి ఒక రేకు డబ్బాలో ఉంచి, రోజూ పొద్దున్నే ఒక్కొక్కదానికీ కీ ఇచ్చేవాడు. “అడగనివాళ్ళ వాచీలకు కీ ఎందుకండీ?” అని భార్య అంటే, “ఆగిపోతే నూనె గడ్డకడుతుంది. వాళ్ళు వచ్చేసరికి నడుస్తుండాలి గదా” అనేవాడు.

2017 వేసవిలో ఒకనాడు ఆయన ఇంటికి వచ్చి, “ఇక కొత్త పని పట్టను” అన్నాడు. కారణం చెప్పలేదు. భోజనం దగ్గర చెంబు ఎత్తినప్పుడు నీళ్ళు తొణకడం భార్య అంతకు ముందే గమనించింది. ఆమె కూడా ఏమీ అడగలేదు. దుకాణం మూసేయమని కొడుకు చెప్పినా వినక, రోజూ వెళ్ళి తలుపు తెరిచి, డబ్బాలోని వాచీలకు వణికే వేళ్ళతోనే కీ ఇచ్చి, సాయంకాలం చెరువు కట్ట దాకా నడిచి ఇంటికి చేరేవాడు. ఎన్నో ఏళ్ళుగా విడవని సొంత వాచీ అప్పటినుంచి ఆయన చేతికి కనిపించలేదు. చేయి వణుకుతున్నందున తీసేశాడని ఇంట్లోవారు అనుకున్నారు.

2019 డిసెంబరులో నాలుగు రోజుల జ్వరం తరవాత, తెల్లవారుజామున ఆయన కన్నుమూశాడు. చుట్టుపక్కల పల్లెలనుంచి మాజీ సైనికులు వచ్చి వరుసగా నిలబడి సెల్యూట్ చేశారు. బట్టల కొట్టూ మందుల షాపూ ఆ పూట తెరవలేదు. పాడె బజారు మీదుగా సాగినప్పుడు, ‘ఎల్లుండి రండి’ అన్నందుకు ఒకప్పుడు విసుక్కున్నవారే భుజం మార్చుకుంటూ మోశారు.

దినకర్మ ముగిశాక కొడుకు రేకు డబ్బా తెరిచాడు. ముప్ఫై ఒక్క వాచీలు, పక్కన ఒక లెక్కల పుస్తకం. పుస్తకం చూసుకుంటూ ఇల్లిల్లూ తిరిగి వాటిని అప్పగించసాగాడు. కొందరు ఇచ్చినది కూడా మరిచారు. కొందరు లేరు, వారి పిల్లలు తీసుకున్నారు. అన్నీ పోగా చీటీ లేని వాచీ ఒకటి మిగిలింది. అది తండ్రి చేతిది. కీ ఇస్తే తిరగలేదు. మూత తీసి చూస్తే లోపల బ్యాలన్సు చక్రం లేదు.

సమాధానం లెక్కల పుస్తకంలోనే, చిట్టచివరి పద్దులో దొరికింది. 2017 మే నెల. పదవీ విరమణ చేసిన ఒక మాస్టారి వాచీ. ఎదురుగా, వంకరపోయిన అక్షరాలతో: “నా చేతిలో బ్యాలన్సు చెడింది. సొంతది వేశాను. కూలి లేదు.”

కబురు విని ఆ మాస్టారు పరుగున వచ్చాడు. ఆ సంగతి తనకు తెలియదనీ, ఆనాడు ఎల్లుండి రమ్మంటే వచ్చి, కూలి ఎందుకు వద్దన్నాడో అర్థంకాక తీసుకుపోయాననీ చెప్పి, చేతినున్న వాచీ విప్పి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నది. తరవాత ఆయనకే అందించింది.

“నడుస్తోంది గదా మాస్టారూ, పెట్టుకోండి.”