గుమ్మలక్ష్మీపురంలో అలల పాఠం

సముద్రానికి ఎడంగా, కొండల నడుమ ఉన్న ఊరికి అలల పాఠం వినడానికి వెళ్ళానంటే మీకు నవ్వు రావచ్చు. మా ఇంట్లోనూ నవ్వారు. "విశాఖపట్నంలో అలలు కరువయ్యాయా ఏమిటి?" అంది మా ఆవిడ, పులిహోర డబ్బా సంచిలో సర్దుతూ.

మా కళాశాలలో ఫిజిక్సు చెప్పే మిత్రుడొకాయన ఉన్నాడు. ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు, ఏదో ఒక దూరపు బడికి వెళ్ళి పిల్లలకు ఒక్క పాఠం చెప్పి రావడం ఆయన వ్రతం. 1928లో సి.వి. రామన్ తన పేర నిలిచిన కాంతి ఫలితాన్ని కనుగొన్నది ఆ రోజునే. ఈసారి ఆయన గుమ్మలక్ష్మీపురం వైపు ఒక ఆశ్రమ పాఠశాలకు బయల్దేరాడు. "నువ్వూ రా. తెలుగు మేష్టారివి, శాస్త్రపదాలకు అర్థాలు చెబుదువుగాని" అన్నాడు. పిలిచిందే చాలని నేనూ వెంటబడ్డాను.

పార్వతీపురంలో రైలు దిగి బస్సెక్కాం. నాగావళి దాటి, కురుపాం మీదుగా పోతూ ఉంటే కొండలు ఒక్కొక్కటే దగ్గరికి జరిగి వచ్చి, చివరికి రోడ్డుకు ఇరుపక్కలా కాపలా నిలబడ్డాయి. జీడితోటలు పూత మీద ఉన్నాయి. 2022 ఏప్రిల్ దాకా విజయనగరం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. సవరలూ, జాతాపులూ ఉండే సీమ ఇది. కొండల ఆవల ఒడిశా.

బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన నాతో చక్కని తెలుగులో మాట్లాడి, వెనక సీట్లో ఉన్న మనుమడివైపు తిరిగి సవరలో ఏదో అన్నాడు. ఒక్క ముక్క బోధపడితే ఒట్టు! అప్పుడు నాకు గిడుగు రామమూర్తిగారు గుర్తుకు వచ్చారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవరలతో కలిసి మెలిసి ఆ భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణమూ, 1938లో నిఘంటువూ వెలువరించిన మహానుభావుడు. వారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవమని నాబోటివాళ్ళం ఏటా దండలు వేయించుకుని ఉపన్యాసాలు దంచుతాం. వారు ప్రాణం పెట్టిన సవరలో మాత్రం మాకు ఒక్క మాటా రాదు.

బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. ముందు నన్నే మాట్లాడమన్నారు. ఇంకేముంది! తరంగం అన్నాను. ఊర్మి అన్నాను, వీచి అన్నాను. అచ్చతెనుగులో అల, తరగ, కరడు, కెరటం అన్నాను. పది నిమిషాలు ఉతికి ఆరేసి, "అర్థమయిందా?" అని అడిగాను. "అయిందండీ" అని ముక్తకంఠంతో అన్నారు. అర్థం కాలేదని ఆ కంఠమే చెప్పింది.

మూడో వరసలో ఒక పిల్ల ఆ మాట కూడా అనలేదు. తల వంచుకుని కూర్చుంది. సైన్సు చెప్పే టీచరుగారు నాతో మెల్లగా అన్నారు: "ఇంట్లో సవర మాట్లాడతారండీ. వ్రాతలో ఫరవాలేదు గాని నోరు విప్పదు. వచ్చే ఏడు పదో తరగతి. తప్పితే మళ్ళీ ఇటు రాదేమోనని నా బెంగ."

మా మిత్రుడు తన లాప్‌టాప్ తెరిచి, గోడకున్న పెద్ద తెరకు తగిలించాడు. ఆయన చూపించినదాన్ని సిమ్యులేషన్ అంటారు. ప్రకృతి చేసే పనిని లెక్క తప్పకుండా తెర మీద నటించి చూపే బొమ్మ అనుకోండి. అయితే ఇది సినిమా కాదు. మనం ఏది మారిస్తే దాని ఫలితం అప్పటికప్పుడు కనిపిస్తుంది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ వీమన్ అనే ఆయన 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 'ఫెట్' అనే పేరుతో వీటిని మొదలుపెట్టాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఒకసారి దించి దాచుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా ఆడతాయి. కొండల్లో అది చిన్న సుగుణం కాదు.

తెర మీద పూసల దండలాంటి తాడు. మధ్య మధ్య వేరే రంగు పూసలు. ఎడమ కొస పట్టుకుని ఆడిస్తే అల బయలుదేరుతుంది. "చెయ్యి ఎంత జోరుగా ఆడిస్తే అల అంత జోరుగా పోతుందా?" అని అడిగాడు మా వాడు. అందరూ అవునన్నారు. నేనూ మనసులో అవుననే అనుకున్నాను.

"చూద్దాం రండి" అని పిల్లల్నే పిలిచాడు. ఒక కుర్రాడు ఊపులు రెట్టింపు చేశాడు. అలలు దగ్గర దగ్గరగా, పొట్టిగా వచ్చాయి. కాని అక్కడే ఉన్న గడియారంతో చూస్తే, మొదటి శిఖరం ఆ కొసకు చేరడానికి పట్టిన కాలం మునుపటంతే! ఇంకొకడు తాడు బిగువు తగ్గించాడు. అల నత్తనడక పట్టింది. వేగం చేతిది కాదు, తాడుది. ఊపు పెరిగినకొద్దీ అల పొడవు తగ్గుతుంది. రెండూ గుణిస్తే వచ్చేదే వేగం. పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం అని నేను కంఠశోషగా చెప్పిన మాటలు ఇవే సుమండీ!

మూడో వరస పిల్ల ఎప్పుడు లేచి వచ్చిందో నేను చూడలేదు. ఎలుకను చేతిలోకి తీసుకుని, బొమ్మ నడకను మందగింపజేసి, ఒక్క అలను పంపింది. మళ్ళీ పంపింది. నాలుగోసారి తెర మీద రంగు పూసకు వేలు ఆనించి పెట్టి, ఉన్నట్టుండి అంది:

"పూస ఎక్కడికీ ఎల్లనేదు సార్! అక్కడే గెంతుతోంది. అలొక్కటే ఎల్లిపోయింది."

తరంగమంటే అదే. పదార్థం ఉన్నచోటనే ఉండి ఊగుతుంది. శక్తి మాత్రం ముందుకు సాగిపోతుంది. మా మిత్రుడు పాఠం చివర చెప్పాలని దాచుకున్న మాట ఆ పిల్ల నోట ముందే వచ్చేసింది. టీచరుగారు కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం నేను చూడనట్టు నటించాను.

ఇంతలో కరెంటు పోయింది. పిల్లలు "అయ్యో" అన్నారు. మా వాడు మాత్రం సంబరంగా "పదండి గెడ్డకి!" అన్నాడు. కొండవాగును ఇక్కడ గెడ్డ అంటారు. ఒక మడుగులో ఎండుటాకు వేసి, కాస్త ఎడంగా రాయి విసిరారు. వలయాలు ఆకును దాటి ఒడ్డుకు పోయాయి. ఆకు లేచింది, దిగింది, దాదాపు ఉన్నచోటనే ఉంది. రెండు రాళ్ళు ఒకేసారి వేస్తే వలయాలు ఒకదానిలోంచి ఒకటి దూసుకుని, ఏమీ ఎరగనట్టు తమ దారిన తాము పోయాయి. ఈ పిల్లలు పుట్టిననాటి నుంచీ ఈ నీళ్ళు చూస్తున్నారు. కాని నీటి అల కన్ను నిలిచేలోగా పోతుంది. తెర దాన్ని పట్టి, నెమ్మదిగా నడిపించి చూపింది. అయితే తెర మీద రాపిడిని సున్నా చెయ్యవచ్చు, అల ఎంతకీ ఆగదు, గెడ్డలో ఆగుతుంది. ఎందుకాగిందని ఒక కుర్రాడు అడిగాడు. గెడ్డకు రాకపోతే ఆ ప్రశ్న పుట్టేది కాదు.

నాకు తోచినదొకటే. నోట మాట లేని పిల్లకు ప్రశ్న లేదనుకుంటాం. ఆమె ప్రశ్న చేతిలో ఉంది. చేత్తో అడగడానికి వీలు దొరికింది, జవాబు కంటితో విన్నది, అప్పుడు మాట దానంతట అదే వచ్చింది. నేనేమో మాటతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను.

తిరిగి వస్తూ, "అలను మీ ఇంట్లో ఏమంటారమ్మా?" అని ఆ పిల్లను అడిగాను. చెప్పింది. గొంతులో చిన్న విరుపు ఉన్న మాట. ఆ విరుపుకు మన ఓనమాలలో అక్షరం లేదు. నేను పలికాను. పిల్లలంతా పకపకా నవ్వారు. ఆమె తల అడ్డంగా ఊపి, నిదానంగా, పాఠం చెప్పే పంతులమ్మలా మరోసారి పలికింది.

సాయంత్రం బస్సులో కూర్చుని పార్వతీపురం దాకా ఆ మాటే వల్లె వేశాను. వెనక సీట్లోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అంటే, ఇంకా రాలేదన్నమాట.