పిక్కలు ఓడెక్కి వస్తున్నాయి

2025 ఏప్రిల్ 12, జలంత్రకోట

టెక్కలి నుంచి వస్తూ పాత క్వారీ ఒకటి ఆగి చూశాను. పెద్ద గొయ్యి, అడుగున పచ్చటి నీళ్లు. గట్టు మీద డ్రిల్లు గాట్లు పడి, పగిలి, ఎవరికీ అక్కర్లేని బండలు. మంచి దిమ్మలు ఎప్పుడో లారీలెక్కి పోయాయి. టెక్కలి నీలం రాయికి పరదేశాల్లో గిరాకీ ఎక్కువగా సమాధులకేనట. గోరీ వాళ్లది, గొయ్యి మాత్రం మనది.

రాత్రి చైనాలోని ఫూషిన్ గురించి చదివాను. బొగ్గు మీద బతికిన ఊరు. అక్కడి హైజౌ గని నాలుగు కిలోమీటర్ల పొడవు, 350 మీటర్ల లోతు. బొగ్గు అడుగంటాక, 2001లో ఆ దేశ ప్రభుత్వం ఇలాంటి నగరాలకు కొత్త బతుకు చూపించే ప్రయత్నం ఫూషిన్‌తోనే మొదలుపెట్టింది. 2005లో గని మూసి, ఆ గోతిని పార్కు చేశారు. గాలిమరలు, సేద్యం వచ్చాయి. సరుకు అయిపోయాక గానీ ఆలోచన రాలేదన్నది నాకు తోచిన మాట. మన క్వారీల దగ్గర ఆ ఆలోచనైనా ఎవరికుందో!

ఏప్రిల్ 15

పలాస, కాశీబుగ్గ. తెలిసినాయన జీడి ఫ్యాక్టరీకి వెళ్లాను. గోదాములో బస్తాల మీద ఆఫ్రికా దేశాల పేర్లు. ఉడికించిన పిక్కను ఆడవాళ్లు ఒక్కొక్కటే మిషన్ కత్తుల మధ్య పెట్టి, కాలితో తొక్కి చీలుస్తున్నారు. పప్పు విరగకూడదు, గుండుకున్న ధర ముక్కకు రాదు. జీడి రసానికి వేళ్లన్నీ నల్లబడి, చర్మం పొరలు లేచిపోయింది.

"ఇవి మన పిక్కలేనా అమ్మా?" అన్నాను.

"ఏ దేశానివైతే నాకేటి బాబూ, కిలోకే కదా కూలి. మనూరి పిక్క రుచే వేరు, అది వొప్పుకోవాల" అందామె, తల ఎత్తకుండానే.

తిత్లీ తుఫాను మన తోటల్ని పడగొట్టినా పలాస ఆగలేదంటే కారణం ఈ చేతులే. చెట్టు పోయినా పనితనం మిగిలింది కాబట్టి సరుకు విశాఖ రేవు మీదుగా వచ్చింది. గనికి ఈ వెసులుబాటు లేదు. అయితే లెక్కలో ఇంకో వైపు ఉంది: ఓడలో సరుకు దిగగానే మన రైతు 80 కిలోల బస్తా ధర పడిపోతుంది. ఊరు నిలబడింది, తోట గలాయన నిలబడలేదు. ఈ రెండూ కలిపి చూడనివాళ్లే పలాసను మెచ్చుకుంటారు.

ఏప్రిల్ 19

బాబాయి తోటకెళ్లాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీకి కూలిన కొబ్బరి మొదళ్లు కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి. మళ్లీ నాటిన జీడి మొక్కలు కాపుకొచ్చాయి గానీ పాత చెట్ల దిగుబడికి చాలా దూరం. కొడుకులిద్దరూ హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయారు.

"సగం తీసేసి సరుగుడు వేస్తాన్రా. నాలుగేళ్లకి కొట్టుకోవచ్చు, మనుషులు అక్కర్లేదు. కాగితం మిల్లువాళ్లు టన్నుకెంత ఇస్తున్నారో కంచిల్లో కనుక్కో."

సోమవారం వెళ్లి అడగాలి. టన్ను ధరతోపాటు నరికే కూలి, లారీ కిరాయి ఎవరి మీద పడతాయో కూడా.