పసుపు పువ్వులో దాగిన ఎరుపు

కుసుమ అనగానే మనకు నూనె గుర్తొస్తుంది. తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగడి నేలల్లో యాసంగిలో వేసే ఈ ముళ్ల మొక్క నుంచి మనకు కావాల్సింది గింజే. అదే జపాన్‌లోని యమగత వెళ్లి చూడండి... అక్కడ గింజకన్నా పువ్వే ముద్దు! దాన్ని వాళ్లు ‘బెనిబనా’ అంటారు. యమగత ప్రాంతపు అధికారిక పుష్పం కూడా అదే.

జులైలో నగర శివారులోని తకసె గ్రామాల్లో ఈ పూలు విరగబూస్తాయి. మంచుకి ముళ్లు మెత్తబడి ఉంటాయని తెల్లవారుజామునే కోతకు దిగుతారు. పూరేకుల్ని కడిగితే నీళ్లలో కరిగే పసుపు రంగు చాలావరకు పోతుంది. మిగిలిన రేకుల్ని నీళ్లు చిలకరిస్తూ నీడలో మగ్గబెడితే ఎర్రబడతాయి. వాటిని దంచి, బిళ్లలు చేసి ఎండబెడతారు. నీళ్లలో కరగని ఈ ఎరుపు బూడిద తేటలో మాత్రం కరుగుతుంది. అందులో పులుపు కలిపితే పట్టుకు చక్కగా అంటుకుంటుంది. పువ్వులో ఈ ఎరుపు ఉండేది నూటికి ఒక పాలు కూడా కాదు. అందుకే అంత ఖరీదు! ఇదే రంగుతో పెదాలకు పూసుకునే ‘బెని’ చేస్తారు. పింగాణీ గిన్నెలో ఆరితే ఆకుపచ్చగా మెరుస్తుంది, తడి తగలగానే ఎర్రబడుతుంది.

ఎండిన పూలు మందుకీ పనికొస్తాయి. రక్తప్రసరణకీ, నెలసరి నొప్పులకీ జపాన్ సంప్రదాయ వైద్యంలో వాడతారు. గర్భిణులు మాత్రం వీటికి దూరంగా ఉండాలి.

ఎదో కాలంలో బిళ్లలు మొగామి నదిమీద పడవల్లో సకాటా రేవుకు, అక్కణ్నుంచి క్యోటోకు చేరేవి. తిరిగొచ్చే పడవల్లో పట్టుబట్టల బొమ్మలు వచ్చేవి. కహొకు పట్టణంలోని కుసుమపూల మ్యూజియంలో ఆ వైభవం ఇప్పటికీ చూడొచ్చు. కానీ ముళ్లు గుచ్చుకుంటున్నా పూలు కోసిన పల్లెపడుచులకు ఆ ఎర్రపట్టు కట్టుకునే స్తోమత ఎక్కడిది? రంగు నగరానికీ, గాయాలు ఊరికీ మిగిలాయి.

తర్వాత చౌకగా దొరికే రసాయన రంగులొచ్చాయి, సాగు పడిపోయింది. రెండో ప్రపంచయుద్ధం నాటికి దాదాపు కనుమరుగైన పంటను ఆ తర్వాత స్థానికులే మళ్లీ నిలబెట్టారు. 2019లో జపాన్ ప్రభుత్వం ఈ సాగు విధానాన్ని వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

టోక్యో నుంచి బుల్లెట్ రైల్లో యమగతకు సుమారు మూడు గంటలు. అక్కణ్నుంచి సెన్‌జాన్ లైన్‌లో తకసె స్టేషన్‌కు వెళ్లొచ్చు. పూలు చూడాలంటే మాత్రం జులై మొదటి పక్షంలోనే బయల్దేరాలి.