మదరాసులో పెద్దకారు బేరం

మా చిన్నాయన ముప్ఫయి ఆరేళ్లు ఇతరుల కార్లు తోలాడు. బెంగుళూరులో ఆయన చేయి పడని పెద్దకారు లేదంటే అది కొంచెం అతిశయోక్తే గాని, అబద్ధం మాత్రం కాదు. మిల్లు యజమానులు, డాక్టర్లు, చివరి పదేళ్లూ ఒక సాఫ్టువేరు దొర, వీరందరినీ వెనుక సీటులో కూర్చోబెట్టి, వాన వస్తే గొడుగు పట్టి తలుపు తీసిన మనిషి. పని మానుకున్న మరునాడు కాఫీ త్రాగుతూ, "ఒక్క ఏడాదైనా అట్లాంటి బండికి నేను యజమానిగా ఉండాలప్పా" అన్నాడు.

నవ్వినవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కోలారు వైపు మా పెద్దల నాటి మామిడితోట అమ్మితే ఆయన వాటాకు 12 లక్షలు వచ్చాయి. ఆ సొమ్మును చిన్నమ్మ రేపు ఏ ఆసుపత్రి అవసరమో వస్తుందని దాచింది. అయినా ఆయన మాట కాదనలేక నన్ను ప్రక్కకు పిలిచి, "నువ్వు వెంట పోరా నాయనా. ఆయన అందరి బండ్ల జబ్బులూ చెబుతాడు గాని, తనకు ఆశపుట్టిన బండిలో ఒక్క దోషమూ కనిపించదు" అంది. ఇంతకంటె చక్కగా ఈ విషయం చెప్పినవారిని నేను తర్వాత కూడా చూడలేదు.

బేరం మదరాసు నుండి వచ్చింది. (ఊరి పేరు చెన్నై అయి చాలా ఏళ్లయింది. అయినా మా యింట్లో అది ఇంకా మదరాసే.) ఉగాది సభలో పరిచయమైన నెల్లూరు పెద్దమనిషి ఒకరు, మూడు తరాలుగా అక్కడ ఉంటున్నవారు, ఫోను చేశారు. జర్మను కారు, 2014 నాటిది, పెట్రోలు బండి, 78,000 కిలోమీటర్లు తిరిగింది. కొత్తలో 40 లక్షలు దాటినది ఇప్పుడు 11 లక్షలకే వస్తుంది. "మనవాళ్ల మధ్య బేరం. ముందుగా 50,000 బయానా పంపితే బండి ఎవరికీ పోకుండా నేను ఆపుతాను" అన్నారు. తెలుగుమాట చెవిన పడేసరికి చిన్నాయన చేయి జేబులోకి పోయింది. బండి చూడనిదే రూపాయి పంపవద్దని నేను పట్టుబట్టాను. మరునాడు తెల్లవారకముందే ఇద్దరమూ రైలెక్కాము.

బెంగుళూరు నుండి మదరాసుకు రైలుదారి ఇంచుమించు 360 కిలోమీటర్లు. బంగారుపేట దాటాక రైలు కాసేపు ఆంధ్రదేశంలో దూరి వెడుతుంది. కుప్పం స్టేషను పలకమీద తెలుగు అక్షరాలు కనపడగానే మా పెట్టెలో నలుగురైదుగురు కిటికీలవైపు తిరిగారు. నాలుగు తరాలుగా బయట బతుకుతున్న వాళ్లకు ఆ కాసిని అక్షరాలూ పుట్టింటి గడప వంటివి. మళ్లీ కొండలు, కొబ్బరిచెట్లు. జోలారుపేట వచ్చేసరికి అరవదేశం.

ఆంబూరు, వాణియంబాడి అంటే తోలు పరిశ్రమకు పేరుపొందిన ఊళ్లు. అక్కడ ఎక్కిన ఒక వృద్ధుడు జీవితమంతా తోళ్ల కార్ఖానాలో గడిపినవాడట. మా ప్రయాణం సంగతి విని, "సీట్లు నిజమైన తోలువేనా?" అని అడిగాడు. అవునన్నాము. "తోలు అబద్ధమాడదు. బాగా తడిసి, ఆపైన ఎండలో గబగబా ఆరిన తోలు బిరుసెక్కి పగులుతుంది. తోలు పాతది, కుట్లు కొత్తవి అయితే, ఎందుకు విప్పి కుట్టారని అడుగు" అన్నాడు. ఆ మాట నేను పుస్తకంలో వ్రాసుకున్నాను. చిన్నాయన మాత్రం కిటికీలోంచి పాలారు ఇసుక చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోజనం చేసి పుదుపేటకు వెళ్లాము. ఎగ్మూరుకు దగ్గరగా, కూవం నది ఒడ్డున ఉన్న ఈ పేట పాత కార్ల విడిభాగాలకు పెట్టినది పేరు. సందు మొదట్లోనే దీపాలు, అద్దాలు, బంపర్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఒక అంగడినిండా తలుపులే, ఇంకొక దానినిండా గేరుబాక్సులే. నూనె వాసన ఒకవైపు, కూవం వాసన ఒకవైపు. కారు కొనేవాడు మొదట షోరూముకు వెడతాడు గాని, నన్నడిగితే ముందు ఇక్కడికే రావాలి. ఏ బండిలో ఏ భాగం ఎక్కువగా చెడుతుందో ఈ వీధికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు. ఎక్కడ గిరాకీ ఎక్కువో అక్కడే జబ్బు ఎక్కువన్నమాట.

చిన్నాయనకు పూర్వపరిచయమున్న మెకానిక్ ఒకడు అక్కడ ఉన్నాడు. జుట్టు నెరిసింది, చూపు తగ్గలేదు. మేము కారు పేరు చెప్పగానే నవ్వి, 1985 నాటి కథ చెప్పాడు. వండలూరు దగ్గర ఉన్న స్టాండర్డు మోటారు కంపెనీ ఆ ఏడు స్టాండర్డు 2000 అనే పెద్దకారు తెచ్చింది. ఒళ్లు ఇంగ్లండు రోవరుది, చూడముచ్చటైనది. లోపలి ఇంజను మాత్రం వెనుకటి వాన్‌గార్డు కారు నాటి వంశం. దొరబాబు కోటు తొడుక్కున్న ముసలి ఎద్దు వంటి ఆ బండి కొద్ది ఏళ్లకే నిలిచిపోయింది. "అప్పటినుంచి నేను కోటు చూడను. ఎద్దునే చూస్తాను" అన్నాడు.

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. ఇటువంటి బండ్లు కొనే ధర వేరు, ఉంచుకొనే ధర వేరు. 40 లక్షల కారు 11 లక్షలకు దిగినా, దాని విడిభాగాల ధరలు మాత్రం 40 లక్షల కారువే. కొన్ని జర్మను ఇంజన్లలో టైమింగు చైను సాగిపోతుంది; కొన్నింటిలో ఆ చైను వెనుక, గేరుబాక్సు వైపు ఉంటుంది గనుక దాన్ని మార్చాలంటే ఇంజనునే దించాలి. గాలి సస్పెన్షను ఉంటే రాత్రంతా నిలిపి, ఉదయం ఏ మూలైనా క్రుంగిందేమో చూడాలి. గేరునూనె జన్మలో మార్చనక్కరలేదని అమ్మేవాళ్లు చెబుతారు. అటువంటి గేరుబాక్సులు చేసే జెడ్.ఎఫ్. కంపెనీయే 80,000 మొదలు 1,20,000 కిలోమీటర్ల లోపల, లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. "ముఖ్యంగా, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడండి. వేడెక్కిన ఇంజను అన్నీ దాచుకుంటుంది" అని, ఉదయం స్కానరు పట్టుకొని తన కుర్రవాణ్ణి పంపుతానన్నాడు.

రాత్రి పెరంబూరులో మా మేనత్తగారింట పడుకున్నాము. 1955లో మొదలైన రైలుపెట్టెల ఫ్యాక్టరీ చలవతో ఎన్నో కుటుంబాలు నిలదొక్కుకున్న చోటు అది. చిన్నాయనకు నిద్ర పట్టలేదు. "డిక్కీలో మీ చిన్నమ్మ కుట్టుమిషను కూడా పడుతుందిరా" అన్నాడు చీకట్లో.

ఉదయం ఏడింటికి అన్నానగరు చేరాము. యజమాని ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న తమిళ పెద్దాయన. మేము కోరినట్లే బండి స్టార్టు చేయకుండా ఉంచారు. నెల్లూరు పెద్దమనిషీ వచ్చారు. నల్లని కారు, చెట్టు నీడన నిలబడి నిగనిగలాడుతోంది. చిన్నాయన ముందు బానెట్టు మీద అరచేయి ఆనించాడు, జ్వరం చూసినట్లు. చల్లగా ఉంది. తాళం త్రిప్పాడు. ఒక్క గలగల లేకుండా ఇంజను లేచింది. నీలి పొగ వస్తే నూనె కాలుతున్నట్లు, తియ్యటి వాసనతో తెల్లపొగ వదలకుండా వస్తే రేడియేటరు నీరు లోపలికి పోతున్నట్లు. రెండూ లేవు. నాలుగు టైర్లమీదా తయారైన వారమూ సంవత్సరమూ తెలిపే నాలుగంకెలు చదివాడు. నాలుగూ ఒకే కాలపువి. పెయింటు మందం కొలిచే పరికరం అన్ని తలుపులమీదా 100 నుండి 150 మైక్రానుల లోపే చూపింది. పుట్టీ పెట్టి పూడ్చిన చోటు లేదు. రెండో అవెన్యూ మీద పోయి వచ్చాము. గేర్లు వెన్నలా మారాయి. చిన్నాయన ముఖంలో వెలుగు చూసి నేను కూడా మనస్సులో 11 లక్షలు లెక్కపెట్టేశాను.

అప్పుడు కుర్రవాడు స్టీరింగు క్రింద స్కానరు తగిలించాడు. ఈ పరికరం బండి తన జబ్బులను తానే వ్రాసుకొన్న చిట్టా చదువుతుంది. అమ్మేముందు కొందరు ఆ చిట్టా చెరిపివేస్తారు. అలా చెరిపితే బండి తన్ను తాను పరీక్షించుకోవడం ఇంకా పూర్తికాలేదని స్కానరులోనే కనపడుతుంది. ఇక్కడ ఎవరూ చెరపలేదు. కాని తలుపులు, సీట్లు, దీపాల పెట్టెలు ఒకదానితో ఒకటి అప్పుడప్పుడు మాట్లాడుకోవడం మానేసినట్లు ఎన్నో గుర్తులున్నాయి. ఎక్కడో తీగలు త్రుప్పు పట్టి ఉండాలన్నాడు.

నాకు తోళ్ల వృద్ధుని మాట గుర్తుకు వచ్చింది. వెనుక సీటు కుట్లు చూశాను. దారం కొత్తది. చెప్పనా మాననా అని ఒక్క క్షణం తటపటాయించాను. ఆశపడ్డ మనిషి ముఖం అటువంటిది. చివరకు చెప్పాను. చిన్నాయన మారుమాట్లాడలేదు. ముందు సీటు బెల్టు పట్టుకొని లాగాడు. మనమందరం లాగేది మన పొట్టవరకే. ఆయన అది ఇక రాదన్నంతవరకు లాగాడు. చుట్టలో లోపలివైపు, ఎప్పుడూ బయటికి రాని మూరెడు పట్టీమీద, మట్టిరంగు గీత ఒకటి అడ్డంగా ఉంది. తివాచీ మూల ఎత్తితే సీటు పట్టాలు త్రుప్పు. స్పేరుచక్రం గుంటలో వేలు పెడితే మెత్తటి ఒండ్రు.

ఎవరూ ఏమీ అనలేదు. పెద్దాయన మెట్టుమీద కూర్చుండిపోయారు. ఆయన ఈ బండిని 2016లో ఒక వ్యాపారి దగ్గర రెండో చేతిమీద కొన్నారు. 2015 డిసెంబరు మొదటివారంలో అడయారు పొంగి మదరాసు మునిగిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ నీళ్లలో నానిన బండ్లు ఎన్నో కడిగి, ఆరబెట్టి, కుట్లు వేసుకొని మళ్లీ వీధిలోకి వచ్చాయి. "వానాకాలం వచ్చినప్పుడల్లా ఏదో ఒక దీపం ఆరిపోయేది. నా జాతకం అనుకున్నాను" అన్నారు. ఆ మాటలో దొంగతనం లేదు. ఆయనా మోసపోయినవాడే.

నెల్లూరు పెద్దమనిషి సిగ్గుపడి, ధర సగం చేయిద్దామన్నారు. ఐదున్నర లక్షలు! ఆ క్షణాన నేను చిన్నాయన వైపు చూడలేకపోయాను. ఆయన బండి చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, "గాలిసంచుల్ని పేల్చే పెట్టె నడుమ నేలమీదే ఉంటుందయ్యా. అదీ నానింది. గుద్దినప్పుడు అది పనిచేస్తుందో, ఊరకే పోతున్నప్పుడు పేలుతుందో చెప్పలేము. ఇందులో నా మనవరాలిని కూర్చోబెట్టలేను" అన్నాడు. తర్వాత నెల్లూరు ఆయన భుజంమీద చేయివేసి, "మీరు మంచికే పిలిచారు. మనవాళ్లయినా బండి మనది కాదు గదా" అన్నాడు.

పెద్దాయన మాకు కాఫీ ఇచ్చారు. ఇకమీదట ఎవరు వచ్చినా ముందు ఆ బెల్టు లాగి చూపిస్తానన్నారు. సెలవు తీసుకునేటప్పుడు, ఏమనుకున్నారో, "బస్టాండుదాకా మీరే తోలండి, నేను ప్రక్కన కూర్చుంటాను" అని కారు దగ్గరికి వచ్చి తలుపు తీసి పట్టుకున్నారు. చిన్నాయన ఒక్క నిమిషం ఆగి, తలవంచి లోపల కూర్చున్నాడు.

తిరుగుప్రయాణంలో ఆయన చెప్పగా నేను వ్రాసుకొన్నవి కొన్ని మన పాఠకులకు పనికివస్తాయి. రిజిస్ట్రేషను పత్రం మీది ఛాసిస్ నెంబరు బండిమీది నెంబరుతో అక్షరక్షరమూ సరిపోవాలి. ఎన్నో యజమాని, బ్యాంకు అప్పు తీరిందా, జరిమానాలున్నాయా అన్నది ప్రభుత్వంవారి పరివాహన్ సేవలో చూసుకోవచ్చు. అప్పు తీరితే 35వ నమూనా, పేరు మార్పిడికి 29, 30 నమూనాలు కావాలి. మనవంటి ఇరురాష్ట్రాలవారికి మరొకటి: వేరే రాష్ట్రపు బండికి 28వ నమూనా మీద నిరభ్యంతర పత్రం తీసుకోవాలి, 12 నెలలకు మించి ఇక్కడే ఉంచుకుంటే ఇక్కడి నెంబరు వేయించి, ఇక్కడి పన్ను కట్టాలి. ఆ పన్ను ముందే విచారించి ధరలో కలుపుకోకపోతే చౌకబేరం చౌక కాదు. సర్వీసు పుస్తకంలో ప్రతి ఏటి కిలోమీటర్లూ వరుసగా పెరుగుతూ రావాలి. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను కూడా ముందు మదరాసునే ముంచింది. కాబట్టి ఈ బెల్టు పరీక్ష ఇప్పట్లో పాతబడదు.

రానుపోను ఖర్చు, స్కానరు కుర్రవాని కూలి, అన్నీ కలిపి నాలుగువేలు దాటలేదు. రైలు కుప్పం చేరేసరికి చీకటిపడింది. చిన్నాయన నిద్రపోతున్నాడనుకున్నాను. కళ్లు తెరవకుండానే, "ఇంకొకటి చూద్దామప్పా. ముప్ఫయి ఆరేళ్లు ఆగినవాణ్ణి, ఇప్పుడు తొందరేముంది" అన్నాడు. ఇల్లు చేరగానే చిన్నమ్మ బ్యాంకు పుస్తకం అడిగి తీసుకొని, బీరువాలో పెట్టి, అన్నం వడ్డించింది.